తైచీ వయసు అయిదు వేల ఏళ్లు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చైనావాళ్ల పోరాట, వ్యాయామ విద్య తైచీ మీద వచ్చిన వ్యాసం చదివాం. అరవై దాటినవాళ్లను పొద్దున్నే పార్కుకు రప్పించే ఏ వ్యాసమైనా మంచిదే. కానీ అందులో మూడు మాటలు ఎలాంటి అనుమానం లేకుండా రాసేశారు. తైచీ అయిదు వేల ఏళ్ల నాటిదని, కాంచీపురం నుంచి వెళ్లిన బౌద్ధ సన్యాసి బోధిధర్ముడు చైనావాళ్లకు నేర్పాడని, అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్క కదలిక కూడా మారలేదని. మూడూ నిలబడవు. మొదటి రెండూ పాత సంగతులు, పోనీలే అనుకోవచ్చు. మూడోది నమ్మి సాధన చేస్తే మోకాళ్లు పాడవుతాయి. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

బోధిధర్ముడి సంగతి ముందు చూద్దాం. ఆయన దక్షిణ భారత రాజకుమారుడని ఆయన శిష్యుడిగా చెప్పే తాన్‌లిన్ రాసిన ఒక పీఠిక చెబుతుంది. ఆయన పేరు కనిపించే అన్నిటికంటే పాత గ్రంథం 547 ప్రాంతంలో రాసిన లోయాంగ్ నగరపు బౌద్ధ విహారాల వర్ణన. అందులో ఆయన పారశీక సన్యాసి. రెంటిలో ఏది నిజమైనా, ఆయన ఎవరికో వ్యాయామమో మల్లయుద్ధమో నేర్పాడన్న మాట మాత్రం రెంటిలోనూ లేదు. ఆయన్ని వ్యాయామంతో ముడిపెట్టింది యీజిన్ జింగ్ అనే పుస్తకం. అది 1624 ప్రాంతానిది. దాని ముందు 628లో రాసినట్టుగా ఒక సేనాపతి పేరుతో పీఠిక అతికించారు. తాంగ్ వంశకాలపు కట్టుకథలో ఉండే వంకీల గడ్డపు వీరుడొకడు ఆ పీఠికలో రక్తమాంసాలున్న మనిషిలా ప్రత్యక్షమవుతాడు. పీఠిక దొంగదని పండితులు పట్టేసింది ఇలాంటి వాటివల్లే. ఆ పుస్తకం కూడా మాట్లాడేది షావోలిన్ అనే బౌద్ధ విహారం గురించి, తైచీ గురించి కాదు.

చైనాలో మామూలు జనం చెప్పే పేరు వేరు: జాంగ్ సాన్‌ఫెంగ్. వూడాంగ్ కొండమీద పామూ పక్షీ పోట్లాడుకుంటుంటే చూసి తైచీ కనిపెట్టాడని కథ. ఈ జాంగ్‌ని మల్లవిద్యకు మూలపురుషుడిగా చెప్పిన పాత ఆధారం 1669 నాటి ఒక సమాధి శాసనం. వాంగ్ జెంగ్‌నాన్ అనే యోధుడి కోసం హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు దాన్ని రాశాడు. షావోలిన్‌ది బయటి విద్య, దాన్ని మించింది లోపలి విద్య, ఆ రెండోదానికి ఆద్యుడు జాంగ్ అని అందులో ఉంది. కలలో దేవుడు కనిపించి విద్య నేర్పాడట, తెల్లవారి ఒక్కడే వందమందికి పైగా దొంగల్ని చంపాడట. శాసనం ప్రకారం ఈ జాంగ్ సోంగ్ చక్రవర్తి హుయ్‌జోంగ్ కాలంవాడు, అంటే 1100 తర్వాతి పాతికేళ్లలోపు. వూడాంగ్ కొండల్లో మింగ్ చక్రవర్తి యోంగ్‌లే మనుషుల్ని పెట్టి వెతికించిన జాంగ్ సాన్‌ఫెంగ్ 1400 ప్రాంతంవాడు. ఇద్దరూ ఒకడే అయితే ఆయన మూడు వందల ఏళ్లు బతికి ఉండాలి. భక్తులకు అది ఇబ్బంది కాదు, చరిత్రకు ఇబ్బందే. పైపెచ్చు ఆ శాసనం మొత్తంలో తైచీ అన్న మాటే లేదు.

హువాంగ్ మింగ్ వంశానికి విధేయుడు. బయటినుంచి వచ్చిన మంచూలు చైనా గద్దెనెక్కడం భరించలేకపోయినవాడు. బయటినుంచి వచ్చినదానికంటే స్వదేశంలో పుట్టినదే గొప్పదని మల్లవిద్య సాకుతో చెప్పాడేమోనని డగ్లస్ వైల్ వంటి పరిశోధకుల వాదన. మాకూ అదే సబబుగా తోస్తుంది. ఇక్కడ మీ వ్యాసకర్త గమనించనిది ఒకటుంది. షావోలిన్ పక్షాన బోధిధర్ముడు, దానికి పోటీగా నిలబెట్టినవాడు జాంగ్. తైచీని బోధిధర్ముడికి అంటగడితే చైనావాళ్ల పురాణం కూడా తలకిందులవుతుంది. మనవాడని మురిసిపోవడానికి బోధిధర్ముడి ధ్యాన సంప్రదాయం ఉండనే ఉంది, ఇది కూడా ఆయన ఖాతాలో వేయనక్కర్లేదు.

తైచీ గురించి తొలి తరాల్లో రాసినవాళ్లలో లీ యీయు ఒకడు. తైచీ శాస్త్రగ్రంథాలనే చిన్న చిన్న వ్యాసాలను నకళ్లు రాసి నలుగురికి అందించిన మనిషి. ఆయన 1881లో రాసిన పీఠికలో, ఈ విద్య ఎవరితో మొదలైందో తెలియదని తేల్చి చెప్పాడు. అంత దగ్గర నుంచి చూసినవాడు తెలియదన్నదాన్ని, నూట నలభై ఏళ్ల తర్వాత మనం తెలుసంటున్నాం.

ఆధారాలు వెతుక్కుంటూ ఊళ్లు తిరిగినవాడు తాంగ్ హావ్. షాంఘైలో లాయరు. 1930ల మొదట్లో హెనాన్ ప్రావిన్స్ వెన్ జిల్లాలోని చెన్‌జియాగౌ అనే ఊరికి వెళ్లాడు. చెన్ ఇంటిపేరువాళ్ల వంశవృక్షంలో తొమ్మిదో తరం చెన్ వాంగ్‌టింగ్ పేరు పక్కన, ముష్టియుద్ధం, కత్తి, ఈటె విద్యలకు ఈయనే ఆద్యుడని ఉన్న చిన్న రాత ఆయనకు దొరికింది. ఖాళీగా ఉన్నప్పుడు ముష్టియుద్ధం కూర్చుకున్నానని, పనుల కాలంలో పొలం దున్నుకున్నానని వాంగ్‌టింగ్ పేరున చెప్పుకునే పద్యమూ దొరికింది. మింగ్ సేనాపతి చీ జిగువాంగ్ 1560 ప్రాంతంలో రాసిన సైనిక గ్రంథంలో 32 ముష్టియుద్ధ భంగిమలున్నాయి. వాటిలో 29 చెన్ ఊరి వరసల్లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా చేసే కదలికల కూర్పుల్లో, ఉన్నాయని కూడా తాంగ్ లెక్క తేల్చాడు. వీటన్నిటినీ కలిపి తైచీ పుట్టింది 17వ శతాబ్దం మధ్యలో, పుట్టించింది చెన్ వాంగ్‌టింగ్ అన్నాడు.

ఈ వాదంలో బలం ఎంతో బలహీనతా అంతే. వంశవృక్షంలోని రాతలో తైచీ అనే పదం లేదు. పద్యంలోనూ లేదు. చీ జిగువాంగ్ పుస్తకం పేరున్నది, భంగిమల పేర్లు ఎవరైనా తీసుకోవచ్చు. తాంగ్ సమకాలికుడు శు జెన్ ఇవే ఆధారాలు చూసి, చెన్‌వాళ్లకు ఈ విద్య బయటినుంచే వచ్చిందన్నాడు. పక్కనున్న జావోబావో ఊరివాళ్లు తమకు జియాంగ్ ఫా అనే గురువు ద్వారా వేరే పరంపర ఉందంటారు. ఇది చాలదన్నట్టు 2000 తర్వాత బోఅయ్ జిల్లా తాంగ్ గ్రామంలోని లీ వంశంవాళ్లు 1716 తేదీ వేసిన వంశచరిత్ర ఒకటి బయటపెట్టారు. తమ పూర్వీకులూ చెన్ వాంగ్‌టింగూ ఒకే గుళ్లో కలిసి నేర్చుకున్నారని అందులో ఉంది. తగాదా పెట్టుకున్న పక్షాలన్నిటికీ కావలసినవి ఒకే పుస్తకంలో ఇంత చక్కగా అమరడమే దానిమీద మాకున్న అనుమానం.

2020 డిసెంబరులో యునెస్కో తైచీని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో పుట్టుక 17వ శతాబ్దం మధ్యకాలం, ఊరు చెన్‌జియాగౌ అని ఉంది. అది తీర్పు కాదు, దేశం పంపిన దరఖాస్తులోని మాట. అయినా ఆ దరఖాస్తు కూడా అయిదు వేల ఏళ్లనలేదు.

మా అంచనా ఇది. చెన్ ఊళ్లో 17వ శతాబ్దం నుంచి సొంత పోరాట విద్య ఉండేదనడానికి ఆధారం బాగానే ఉంది. దానికి యిన్-యాంగ్ అనే ద్వంద్వ శక్తుల సిద్ధాంతాన్ని, మెత్తదనంతో బలాన్ని గెలవాలన్న భాషను తొడిగి మనం ఇవాళ తైచీ అనే రూపమిచ్చింది మాత్రం 19వ శతాబ్దంలో హెబెయ్ ప్రావిన్స్ యోంగ్‌నియన్‌వాళ్లు. ఆ ఊరి యాంగ్ లూచాన్ (1799-1872) చెన్‌జియాగౌలో చెన్ చాంగ్‌షింగ్ దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. అదే ఊరి జమీందారీ పండితుడు వూ యూషియాంగ్ (1812-1880) 1852లో జావోబావో వెళ్లి చెన్ చింగ్‌పింగ్ దగ్గర నేర్చుకున్నాడు. వూ అన్నగారికి వూయాంగ్ జిల్లాలో ఒక ఉప్పు దుకాణంలో వాంగ్ జోంగ్‌యుయే రాసిన తైచీ గ్రంథం దొరికిందని ప్రతీతి. ఆ వాంగ్ ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఆ వ్యాసాలు వూ సోదరులే రాసి పాత పేరు పెట్టారేమోనన్న అనుమానం పండితులకు ఉంది. మన తాళపత్రాల లోకం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఇక మారలేదన్న మాట. మారినదే ఎక్కువ. చెన్ ఊరి పాత వరస ఇవాళ్టికీ చూడండి: ఒకసారి మెల్లగా సాగుతుంది, ఉన్నట్టుండి పిడికిలి విదిలింపు, కాలితో నేలమీద దబ్బున తొక్కడం, ఎగిరి తన్నడం. రెండో వరస ఫిరంగి దెబ్బలనే పేరుతో ఇంకా జోరుగా ఉంటుంది. యాంగ్ మనవడు యాంగ్ చెంగ్‌ఫూ (1883-1936) చేతికి వచ్చేసరికి ఎగరడాలూ తొక్కడాలూ పోయాయి, వేగం మొదటినుంచి చివరిదాకా ఒకటే అయింది, చేతులు పెద్దగా చాచడం మొదలైంది. వూ జియాన్‌చువాన్ (1870-1942) శైలిలో ఒళ్లు కాస్త ముందుకు వాలుతుంది, అడుగు చిన్నది. సున్ లూతాంగ్ (1860-1933) శైలిలో ముందు కాలు వేస్తే వెనక కాలు వెంటనే దగ్గరకొచ్చేస్తుంది. 1928లో చెన్‌జియాగౌ నుంచి చెన్ ఫాకె బీజింగ్ వచ్చి తన ఊరి పద్ధతి చూపించినప్పుడు, మెత్తటి యాంగ్ పద్ధతికి అలవాటుపడ్డ బీజింగ్ కళ్లకు ఇది తైచీయేనా అనిపించింది. తైచీ అంటే నెమ్మది అన్న నమ్మకం అప్పటికే అంత పాతుకుపోయింది.

మన ఊళ్లలో పార్కుల్లో సాధారణంగా నేర్పేది ఇంకా కొత్తది. 1956లో చైనా క్రీడా సంఘం యాంగ్ శైలి పొడుగు వరస నుంచి మళ్లీ మళ్లీ వచ్చేవి తీసేసి 24 కదలికల వరస తయారుచేసింది. పొడుగు వరసను లెక్కపెట్టే తీరును బట్టి 85 అనీ 103 అనీ 108 అనీ అంటారు, పూర్తిచేయడానికి ఇరవై నిమిషాల పైమాటే. 24ది అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. 1989లో పోటీల కోసం అన్ని శైలులూ కలిపి 42 కదలికలది వచ్చింది. ఇవాళ వూషు అనే చైనా యుద్ధవిద్యల పోటీల్లో తైచీ ఆటగాళ్లు గాల్లో ఒక చుట్టు తిరిగి ఒంటికాలిమీద దిగితేనే మార్కులు. పెద్దవాళ్ల వ్యాయామం అని మీరు వేసిన శీర్షిక వాళ్లకు వర్తించదు.

ఈ చరిత్ర సాధకుడికి ఎందుకంటారా? ఎందుకో మీరు అచ్చువేసిన రెండో బొమ్మే చెబుతుంది. అడవి గుర్రం జూలు పాయదీయడం అని దానికి పేరు, 24లో రెండో కదలిక. ఎడమ, కుడి, ఎడమ అని మూడుసార్లు వస్తుంది. బొమ్మలోని మనిషి ముందు మోకాలు లోపలికి ఒరిగింది, రెండు మడమలూ ఒకే గీతమీద ఉన్నాయి. తాడుమీద నడిచే గారడీవాడిలా నిలబడ్డాడు. పార్కుల్లో మోకాలి నొప్పులకు మొదటి కారణాలు ఈ రెండే.

ఎడమ కాలు ముందున్న స్థితి నుంచి కుడివైపు అడుగుకు వెళ్లే తీరు చెబుతాం. ముందు బరువంతా వెనకున్న కుడి కాలిమీదికి లాక్కోవాలి. అప్పుడు ఎడమ పాదం మునివేళ్లు వాటంతట అవే లేస్తాయి. మడమ ఆధారంగా ఆ పాదాన్ని దాదాపు 45 డిగ్రీలు బయటికి తిప్పి, అరికాలు పూర్తిగా ఆనించి, ఆ తర్వాతే బరువు దానిమీదికి తేవాలి. కుడి పాదాన్ని ఎడమ పాదం పక్కకు లాగాలి. కొత్తవాళ్లు అక్కడ మునివేళ్లు నేలకు ఆనించి ఒక్క క్షణం నిలబడవచ్చు, తప్పేం లేదు. అక్కడినుంచి కుడి కాలు ముందుకు వేసేటప్పుడు ముందు మడమ తాకాలి. రెండు మడమల మధ్య అడ్డంగా 10 నుంచి 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. అరికాలు పరుచుకున్నాక బరువు ముందుకు జరగాలి. చివరకు ముందు కాలిమీద నూటికి అరవై డెబ్బై వంతులు, వెనక కాలిమీద మిగతాది. ముందు మోకాలు రెండో వేలివైపు చూడాలి, మునివేళ్లు దాటకూడదు.

ఎక్కడ చెడుతుందంటే, బరువు వెనక్కి లాక్కోకుండానే ముందు పాదాన్ని తిప్పుతారు. పాదం నేలకు అతుక్కుని ఉంటుంది, తొడ తిరుగుతుంది, మెలి మొత్తం మోకాలిమీద పడుతుంది. తుంటి కీలు అన్నివైపులా తిరిగేందుకు ఉన్నది, మోకాలు ప్రధానంగా ముడుచుకుని చాచుకునేందుకు ఉన్నది. ఈ తప్పు ఒక్కసారి చేస్తే ఏమీ కాదు, రోజూ యాభై సార్లు చేస్తే లోపలిపక్క నొప్పి మొదలవుతుంది. తొడ కండ మండితే మంచిదే, మోకాలి చిప్ప ముందో లోపలిపక్కో నొప్పి వస్తే ఆగిపోవాలి. నిలబడే ఎత్తు పెంచి మళ్లీ చూడాలి.

ఇక్కడే చరిత్ర అక్కరకొస్తుంది. గురువులు కొందరు, పూర్వీకులు ఇంత కిందికి కూర్చునేవారు కాబట్టి మీరూ కూర్చోవాలంటారు. పూర్వీకులలో ఒక్కొక్కరు ఒక్కో ఎత్తులో చేశారు. యాంగ్ కుటుంబంలోనే ఎత్తు, నడిమి, కింది కట్టులు మూడూ ఉండేవి. కాబట్టి ఎత్తులో చేయడం ఎగవేత కాదు, అదీ సంప్రదాయమే. 16, 17 కదలికల్లో పాములా నేలకు జారి, లేచి కోడిపుంజులా ఒంటికాలిమీద నిలవడం వస్తుంది. అరవై దాటినవాళ్లు వెనక కాలిమీద ఒక కుర్చీ ఎత్తు కంటే కిందికి కూర్చోనక్కర్లేదు. మడమతో తన్నే 13, 15 కదలికల్లో కాలు మోకాలి ఎత్తుకు లేచినా చాలు. కోతిని వెనక్కి తోలే ఆరో కదలికలో వెనక్కి అడుగు వేసేటప్పుడు ముందు మునివేళ్లు తాకాలి, ఆ కాలు ముందు కాలి గీతను దాటి అవతలి పక్కకు పోకూడదు. తూలిపడేది ఎక్కువగా ఇక్కడే. శ్వాసను కదలికకు బలవంతంగా జోడిస్తే కొత్తవాళ్లకు కళ్లు తిరుగుతాయి, మొదటి కొన్ని నెలలు దాని జోలికి పోకపోవడమే మేలు. పరుగు బూట్ల మందపాటి మెత్తటి అడుగు పక్కకు ఒరుగుతుంది. పలచని, బల్లపరుపు అడుగున్న గుడ్డ బూట్లు మంచివి.

పోరాటంగా తైచీ సంగతి రెండు మాటల్లో. 1954లో మకావ్‌లో తైచీ గురువు వూ గోంగ్‌యీ, వేరే పద్ధతి మల్లుడు చెన్ కెఫూ బరిలో తలపడితే ఎవరూ గెలవకుండానే ఆపేశారు. 2017లో చెంగ్డూలో వెయ్ లెయ్ అనే తైచీ గురువును శూ షియావోడోంగ్ అనే మల్లుడు అర నిమిషం కూడా పట్టకుండా పడగొట్టాడు. తైచీ బూటకమని కొందరు, వెయ్ నిజమైన గురువే కాదని కొందరు అన్నారు. ఇద్దరి మధ్య చేతులు ఆనించి తోసుకునే సాధన మానేసి వరస మాత్రమే చేసేవాళ్లకు పోరాటం రాదు. ఇందులో వింత ఏముంది?

ఆరోగ్యం విషయంలో మాత్రం గట్టి ఆధారాలున్నాయి, అవి మీ వ్యాసంలో ఒక్కటీ రాలేదు. 1996లో వెలువడిన అట్లాంటా పరిశోధనలో డెబ్బై నిండిన 200 మందిని తీసుకుని కొందరికి 15 వారాలు తైచీ నేర్పితే, పదే పదే పడిపోయే ప్రమాదం 47.5 శాతం తగ్గింది. వాళ్లకు నేర్పింది పొడుగు వరస నుంచి ఏరిన పదే పది కదలికలు. 2005లో ఓరెగన్‌లో 70 నుంచి 92 ఏళ్ల మధ్య వయసున్న 256 మందిమీద వారానికి మూడుసార్లు చొప్పున ఆరు నెలలు చేసిన పరీక్షలో అది 55 శాతం తగ్గింది. 2012లో పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉన్న 195 మందిలో వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు తైచీ చేసినవాళ్లు నిలకడలో మెరుగుపడ్డారు, కండరాలు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవాళ్లకంటే తక్కువగా పడిపోయారు. వీటిలో ఏదీ ప్రాచీనత మీద ఆధారపడలేదు. అన్నీ ఈ కాలంలో కుదించి, మార్చి, తేలిక చేసిన వరసలే. షుగరు, బీపీ మందులు ఆపేయొచ్చని మీ వ్యాసం చివర రాసిన వాక్యానికి ఇవేవీ ఆసరా ఇవ్వవు. దాన్ని వెంటనే సవరించండి.

మీ పాఠకులు ఇది చదివి మొదలుపెట్టదలిస్తే మోతాదు ఆ పరీక్షల్లోలాగే ఉండాలి: వారానికి రెండు మూడుసార్లు, గంటకు మించకుండా, కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు. వారానికి ఒకటి రెండు కదలికలకు మించి నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. ఏ శైలి, ఏ వరస, ఎన్ని కదలికలు అని అడిగితే నేర్పేవారు చెప్పగలగాలి. తుంటి లేదా మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లు సర్జన్‌ని అడిగే దాకా 16, 17 కదలికల జోలికి వెళ్లకూడదు. కళ్లు తిరిగే మందులు వాడేవాళ్లు వెనక్కి తిరిగే 15, 21 కదలికలను గోడ చేతికందేంత దగ్గరలో ఉండేలా చూసుకుని చేయాలి.

ఇట్లు,
తైచీ సాధకులు కొందరు,
సికింద్రాబాద్